స్తంభం చేతిలో బంతి

నెస్టర్ మగ్‌బనువా చేసిన నేరం ఒక్కటే. ఎదిగాడు.

పద్నాలుగేళ్ళు వచ్చేదాకా హినిగరాన్‌లో వాళ్ళ వీధి పిల్లలందరిలోకీ వాడే పొట్టి. పొట్టివాడు కాబట్టి బంతి వాడి చేతికిచ్చారు. పెద్దవాళ్ళ కాళ్ళ సందుల్లోంచి దూరి, కొబ్బరిమానుకి మేకులతో దిగ్గొట్టిన బాస్కెట్‌బాల్ రింగు దాకా బంతి తీసుకెళ్ళి, ఎవడు ఖాళీగా ఉంటే వాడికి అందించేవాడు. పొద్దున్నే రొట్టెలకి పంపితే ఎడం చేత్తో బంతి కొట్టుకుంటూ వెళ్ళి, కుడి చేత్తో వేడి రొట్టెల సంచీ పట్టుకుని, బంతి కొట్టుకుంటూనే తిరిగొచ్చేవాడు. వానపడి రోడ్డు బురదైనా, కాళ్ళకి అరిగిపోయిన రబ్బరు చెప్పులున్నా అంతే. "పడుకున్నవాళ్ళని లేపి చంపుతున్నావు కదరా తోతో!" అని వీధి వీధంతా తిట్టేది. తోతో అంటే మా వైపు బుడ్డోడు. ఆ తిట్లు వాడికి చప్పట్లలా వినపడేవి.

పదిహేనో ఏట వాడికేమైందో ఏమో, అడుగుకి పైగా పెరిగాడు. ప్యాంట్లు మోకాళ్ళ దాకా పైకొచ్చాయి. తలుపు దూరాలంటే వంగాల్సి వచ్చింది. ఆ ఏడు ఊరి పండుగ పోటీల్లో మొదటి ఆట రోజున వాడి చేతిలోంచి బంతి లాగేసుకున్నాడు జట్టు కెప్టెన్.

"నువ్వింక రింగు కింద నిలబడు. పడ్డ బంతి పట్టుకో, మా చేతికియ్యి. అంతకుమించి నీకు పని లేదు."

"ఎందుకని?"

"ఎందుకేంట్రా? నిన్ను నువ్వు అద్దంలో చూసుకోలేదా, స్తంభంలా ఉంటేనూ!"

పేరు అలా అతుక్కుంది. స్తంభం.

మా దీవుల్లో ఇది అందరూ చేసే పనే. ఆరడుగులు దాటిన కుర్రాడు కనపడితే మాకు మతి పోతుంది. వాణ్ణి తీసుకెళ్ళి బుట్ట కింద పాతేస్తాం, కరెంటు వాళ్ళు స్తంభం పాతినట్టు. బంతి నేలకి కొట్టనివ్వం, దూరం నుంచి వెయ్యనివ్వం. కాలేజీ దాకా వాడు రాజు. డబ్బులిచ్చి ఆడించే జట్లలోకి వెళ్ళేసరికి ఏడడుగుల విదేశీయులు దిగుతారు. వాళ్ళ పక్కన ఆరడుగుల నాలుగంగుళాల స్తంభం ఎవడిక్కావాలి? ఆ ఎత్తువాడు అక్కడ బంతి తేవాలి, పరిగెత్తాలి, దూరం నుంచి వెయ్యాలి. అవి మేమే వాడికి రాకుండా చేశాం కదా! ఇరవై ఆరో ఏట వాడు ఊరికి తిరిగొచ్చి పండుగ పోటీలకి బహుమతులు పంచుతుంటాడు. ఇలాంటివాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. హినిగరాన్‌లోనే ఇద్దరున్నారు. నెస్టర్ వాళ్ళని చూస్తూ పెరిగాడు.

మనీలా నుంచి కోచ్ బెల్త్రాన్ వచ్చి అతన్ని కాలేజీకి తీసుకెళ్ళాడు. ఈ బెల్త్రాన్ ఐదున్నర అడుగుల మనిషి. ఆడే రోజుల్లో బంతి చేతికొస్తే తోటివాడికి కూడా ఇచ్చేవాడు కాదని పేరు. అలాంటివాడు నెస్టర్‌కి పెట్టిన మొదటి నియమం, బంతి ఒక్కసారికి మించి నేలకి కొట్టకూడదు. కొడితే జట్టంతా గ్రౌండు చుట్టూ పరిగెత్తాలి.

"ఒరేయ్ స్తంభం," అని రొప్పుతూ తిట్టేవాళ్ళు తోటివాళ్ళు. "నీ చెయ్యి దురద పెడితే గోడకి రుద్దుకో. మా ఊపిరి తియ్యకు."

తెల్లవారుజామున కార్లు పెట్టే నేలమాళిగలో ఒక్కడే బంతి కొట్టుకునేవాడు. ఎడం చేత్తో, కుడి చేత్తో, కాళ్ళ మధ్య నుంచి. చెయ్యి మరిచిపోలేదు, కానీ నేల దూరమైపోయింది. పొట్టిగా ఉన్నప్పుడు బంతి వెంటనే చేతికొచ్చేది. ఇప్పుడది నేలకి తగిలి పైకొచ్చేలోగా ఎవడైనా ఎత్తుకుపోవచ్చు. ఒంగి ఆడటం కొత్తగా నేర్చుకోవాలి, అందుకు నిజం ఆటలు కావాలి. పార్కు చేసిన కార్లు బంతి లాక్కోవు కదా!

మొదటి ఏడే వాళ్ళ నాన్న ఇసిద్రో ఆటో నడుపుతూ నడుపుతూ హ్యాండిల్ మీదికి ఒరిగిపోయాడు. కోచ్ బెల్త్రాన్ జట్టు మొత్తాన్నీ వెంటేసుకుని హినిగరాన్ వచ్చాడు. మా ఆచారం ప్రకారం శవం దగ్గర జాగారంలో కూర్చుని పేకాడాడు, గెలిచిందంతా ఆ ఇంటి ఖర్చులకని పెట్టిన పళ్ళెంలోనే వేశాడు. శవపేటిక మోసేటప్పుడు ముందు ఒక పక్క నెస్టర్, ఇంకో పక్క కోచ్. ఎత్తు తేడాకి పేటిక ఏటవాలుగా వంగింది. కోచ్ చేతులు పైకెత్తి, మునివేళ్ళ మీద నడుస్తూ శ్మశానం దాకా దించకుండా మోశాడు. ఆ దృశ్యం ఊరు మర్చిపోలేదు. మర్చిపోనివ్వలేదు కూడా. కృతజ్ఞత అనే మాట మా దగ్గర పెద్ద మోకు. దాంతో ఓడని కూడా కట్టెయ్యొచ్చు.

మూడో ఏడు ఆ జట్టు చాంపియనైంది. ఫైనల్లో అవతలి కాలేజీ నైజీరియా కుర్రాణ్ణి, తనకంటే జానెడు ఎత్తువాణ్ణి, ఆట మొత్తం వీపుతో ఆపినవాడు నెస్టర్. మర్నాడు నడుం వంచలేకపోయాడు.

ఇంకా రెండేళ్ళు కాలేజీకి ఆడే హక్కుంది. ఈలోగా దిపోలోగ్ అనే ఊరి నుంచి ఫోనొచ్చింది. ప్రాంతీయ ప్రొఫెషనల్ పోటీల్లో అట్టడుగున ఉన్న జట్టు. దాని కోచ్ కార్దో సావేద్రా మాట తిప్పకుండా చెప్పాడు.

"జీతం చెప్తే నవ్వుతావు, అందుకే చెప్పను. బంతి మాత్రం నీ చేతికిస్తాను. చిన్నప్పుడు పండుగ పోటీల్లో నువ్వు ఆడింది పాత వీడియోలో చూశా."

"నా వల్ల మీరు ఓడిపోతే?"

"ఎలాగూ ఓడిపోతున్నాం తమ్ముడూ. కొత్త రకంగా ఓడదాం."

ఒకసారి సంతకం పెడితే కాలేజీ కోర్టులోకి మళ్ళీ రానివ్వరు. అక్కడ కుదరకపోతే పెద్ద జట్లేవీ అతని మొహం చూడవు. పత్రికల్లో పెద్దమనుషులు రెండు రకాల నీతులు రాశారు. డిగ్రీ లేకుండా వెళ్ళి మోకాలు విరిగితే గతేంటని ఒకరు. మోకాలు విరగడానికి కాలేజీ కోర్టు కూడా చాలు. అక్కడ విరిగితే కాలేజీ పాట పాడి పంపిస్తారు, అంతే తేడా. డిగ్రీ సంగతంటారా, అతను చదివేది హోటళ్ళ నిర్వహణ. మూడేళ్ళలో పరుపు మీద దుప్పటి ముడత లేకుండా పరవడం నేర్చుకున్నాడు. ఆ పరుపుల్లో ఒక్కటీ అతని కాళ్ళకి చాల్లేదు. ఇంకొకరు మనసు చెప్పినట్టు చెయ్యి, కలల వెంట పరిగెత్తు అన్నారు. అతనికి కలలేం లేవు. బంతి కావాలి.

నిజం చెప్పాలంటే అతను ఉండిపోదామనే అనుకున్నాడు. కోచ్‌ని ఒక్క మాట అడిగి, ఒప్పుకుంటే ఉండిపోదామని.

చాంపియన్లైన కాలేజీ మైదానంలో పెద్ద మంట వేయడం ఆనవాయితీ. సాయంత్రం మంట చుట్టూ వేల మంది చేరారు. జట్టుని వేదిక ఎక్కించారు. నెస్టర్ చేతికి మైకు వచ్చేసరికి కింద నుంచి గోల మొదలైంది.

"ఇంకో రెండేళ్ళు! ఇంకో రెండేళ్ళు!"

"ఉంటాను," అన్నాడు.

మంట కంటే ఎత్తుకి లేచింది కేక. పిల్లలు ఒకరినొకరు కావలించుకున్నారు.

"ఒక్క షరతు. వచ్చే ఏడు నేను గార్డుగా ఆడతాను. బంతి నేను తెస్తాను."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత నవ్వారు. వెక్కిరింపుగా కాదు, ప్రేమగా నవ్వారు. ముద్దొచ్చే ఏనుగు సైకిలెక్కుతానంటే నవ్వినట్టు. తోటి ఆటగాళ్ళు నవ్వారు. కోచ్ బెల్త్రాన్ పొట్ట పట్టుకుని మరీ నవ్వి, కళ్ళు తుడుచుకుంటూ మైకు అందుకున్నాడు.

"విన్నారా? మా స్తంభానికి హాస్యం కూడా వచ్చు!"

నెస్టర్ ఆయన చేతిలోంచి మైకు తీసుకున్నాడు. ఆయన మళ్ళీ అందుకోబోతే చెయ్యి పైకెత్తాడు. అంతే, మైకు ఇంక ఎవరికీ అందలేదు. తల పైకెత్తి దానివైపు చూస్తూ చెప్పాడు.

"నేను దిపోలోగ్ వెళ్తున్నాను."

"ఎక్కడికీ?" అని అరిచాడెవడో.

"దిపోలోగ్."

మర్నాడు కోచ్ జిమ్‌లో అతన్ని పట్టుకున్నాడు. "నేను నవ్వింది నిన్ను చూసి కాదురా అబ్బాయ్."

"అక్కడ ఇంకెవరున్నారు కోచ్ నవ్వడానికి?"

"రెండేళ్ళాగు. ఇంకో రెండు కప్పులు. తర్వాత నీ ఇష్టం."

"తర్వాత నాకేం మిగలదు. ఇప్పటికే నేల దూరంగా ఉంది."

బెల్త్రాన్‌కి ఆ మాట అర్థం కాలేదు. ఆయనకి నేల ఎప్పుడూ దగ్గరే. దాచుకున్న ఒక్క మాటా తీశాడు. "మీ నాన్న పేటిక మోశానురా నేను."

నెస్టర్ అన్నాడు, "అమ్మని అడగండి. వద్దంటే ఆగిపోతా."

కోచ్ సగం గెలిచినట్టే మొహం పెట్టాడు. పేటిక దించిన రోజున తన భుజం మీద తల పెట్టుకుని ఏడ్చిన మనిషి కాదంటుందా?

ఇద్దరూ కలిసే హినిగరాన్ వెళ్ళారు. వాళ్ళమ్మ ఫెలిసితాస్ హైవే పక్కన ఆల్చిప్పల మాంసం అమ్మే కొట్టు నడుపుతోంది. కోచ్ మనీలా నుంచి మిఠాయి పెట్టె తెచ్చాడు. ఆమె దండం పెట్టి, బెంచీ తుడిచి కూర్చోబెట్టి, ఆయన ముందు ముంచుకు తినడానికి వెనిగర్ గిన్నె పెట్టింది. ఆయన చెప్పింది చెప్తుంటే కత్తి మొనతో ఆల్చిప్పలు విప్పుతూనే ఉంది. అంతా అయ్యాక అడిగింది.

"మీరు ఆడే రోజుల్లో, ఇంత పొట్టివాడివి నీకెందుకీ ఆట అని ఎవరూ అన్లేదా కోచ్ గారూ?"

"అనకపోవడమేంటమ్మా? అందరూ అన్నారు."

"మీరు విన్నారా?"

కోచ్ విప్పిన ఆల్చిప్పలోని మాంసం నోట్లో వేసుకున్నాడు. నమలాల్సిన దానికంటే ఎక్కువసేపు నమిలాడు.

"అది వేరు ఫెలీ. నేను అడిగేది వేరు. ఆ రోజు నేను..."

"మోశారు. మర్చిపోలేదు. ప్రతి ఏడూ మా ఆయన సమాధి దగ్గర మీ పేరు మీద కూడా కొవ్వొత్తి పెడుతున్నా. పెడుతూనే ఉంటా." కత్తి పక్కన పెట్టింది. "కానీ ఏవండీ, పోయినవాణ్ణి మోసినందుకు బతికున్నవాణ్ణి రాసిచ్చెయ్యాలా?"

నెస్టర్ రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. లారీలు పోతున్నాయి.

"వీడు చిన్నప్పుడు రొట్టెలకి వెళ్తే, చప్పుడుని బట్టి ఎంత దూరంలో ఉన్నాడో నాకు తెలిసేది," అంది ఆమె. "పెరిగాక ఆ చప్పుడు పోయింది. ఇంట్లో ఇంత పొడుగు మనిషి తిరుగుతున్నా ఉన్నట్టే ఉండేది కాదు."

"అక్కడ వీడు ఓడిపోతాడమ్మా. నాకు తెలుసు, ఓడిపోతాడు."

"ఓడిపోనివ్వండి. ఇంకో పది విప్పనా?"

"విప్పు," అన్నాడు కోచ్ బెల్త్రాన్. అన్నీ తిన్నాడు. వెళ్ళేటప్పుడు నెస్టర్‌తో మాట్లాడలేదు. బస్సెక్కాక కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, అరచేతిని నేలవైపు తిప్పి కిందికి కిందికి చూపించాడు. ఒంగు, ఇంకా ఒంగు అన్నట్టు. లేకపోతే నీ స్థాయి ఇదీ అన్నాడేమో. నెస్టర్ మొదటిదే అనుకున్నాడు. రెండోదైనా తనకి అక్కరలేదనుకున్నాడు.

తర్వాత పెద్ద ఆటగాడయ్యాడా అని అడిగేవాళ్ళుంటారు. గెలిస్తేనే ఒప్పు, ఓడితే తప్పు అనే లెక్క వాళ్ళది. వాళ్ళ కోసం కాదిది.

దిపోలోగ్‌లో మొదటి ఆట. రేకుల కప్పు కింద ఉక్క. సొంత జట్టు జనమే, అయినా జాలి లేదు. మొదటిసారి నెస్టర్ బంతి తెస్తుంటే అవతలి పొట్టి గార్డు చీమలా దూరి లాక్కుపోయి బుట్టలో వేశాడు. రెండోసారి బంతి తన మోకాలికే తగిలి జనంలోకి ఎగిరింది. ఎవరో ముసలాయన ఒళ్ళోని వేరుశనక్కాయలన్నీ చెల్లాచెదరయ్యాయి. గ్యాలరీ ఊగిపోయింది.

"స్తంభం! స్తంభం! రింగు కిందకి పో స్తంభం!"

నెస్టర్ బెంచీ వైపు చూశాడు. కార్దో సావేద్రా విసనకర్రతో విసురుకుంటున్నాడు.

"నన్నేం చూస్తావు? బంతి అటుంది."

బంతి మళ్ళీ దిపోలోగ్ జట్టు చేతికొచ్చింది. చిన్నప్పటి నుంచీ బంతి తెచ్చే అలవాటున్న గార్డు ఒకడు, పాపం మంచివాడే, దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు. "ఇలా ఇచ్చెయ్ అన్నా. పరువు పోతోంది. నేను తెస్తాలే."

నెస్టర్ ఆ చేతిని చూశాడు. ఆరేళ్ళుగా తన ముందుకి వస్తున్న చెయ్యి అదే. మనుషులు మారారు, చెయ్యి మారలేదు.

"నువ్వు ముందు పరిగెత్తు," అన్నాడు. "ఖాళీగా ఉంటే నీకే ఇస్తా."

మోకాళ్ళు వంచాడు. నడుం వంచాడు. జనం కేకలు కప్పు రేకుల్ని అదరగొడుతుంటే, నేలకి దగ్గరగా, ఎడం చేత్తో బంతి కొట్టడం మొదలుపెట్టాడు. అవతలి పొట్టివాడు చేతులు చాపుకుని, నవ్వుతూ ఎదురొస్తున్నాడు.

"రా," అన్నాడు నెస్టర్.