పాసు పుస్తకం లేని తోటకూర

అమలాపురంలో రైతు బజారు తెరిచినప్పుడు అందరికంటే ఎక్కువ సంబరపడింది నేనే. దళారులు ఉండరు, పండించినవాళ్ళే అమ్ముకుంటారు, ఊరికి తాజా కూర దొరుకుతుందని మైకులో ఊదరగొట్టారు. మా వీధికి గోదావరి లంక నుంచి ఆకుకూరలు పండించి తెచ్చే అక్కకు ఎండలో తట్ట మోస్తూ తిరిగే బాధ తప్పుతుందని, నేనే దగ్గరుండి తీసుకెళ్ళాను.

అక్కడి అధికారి కుర్చీలోంచి లేచి మరీ పలకరించాడు. మా వైపు, మనిషిని గెంటేసేటప్పుడు కూడా మర్యాదకు లోటు రానివ్వరు.

“పొలం పాసు పుస్తకం తెచ్చేరాండి?”

“లేదండి. లంక మేట కదండీ. ఈ ఏడు ఇక్కడుంటాది, వచ్చే ఏడు గోదారి కోసుకుపోయి అవతలెక్కడో మేటేస్తాది. దానికి పుస్తకం ఎవరిస్తారండి?” అంది అక్క.

“ఆయ్, నిజవేనండి. కానీ పుస్తకం లేపోతే రైతు కిందకి రారండి. వ్యాపారి కిందకొస్తారు. వ్యాపారులకి ఇక్కడ చోటు లేదండి.”

ఆమె గోళ్ళలో ఒండ్రు ఇంకా ఆరలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే ఆ పక్క కొట్లో రైతు కార్డు మెళ్ళో వేసుకుని కూర్చున్నాయన మాకు దూరపు చుట్టమే. కొబ్బరితోట ఉంది గానీ జన్మలో వంగమొక్క నాటి ఎరగడు. ముందున్న క్యాబేజీలేమో పొద్దున్నే లారీలో దిగినవి. ఎక్కడ పండాయండి ఇవి అని అడిగాను.

“భూమ్మీదేనండి,” అని నవ్వాడు.

ఆ సాయంత్రమే మా వీధి ఆడవాళ్ళందరం కూడబలుక్కున్నాం. అక్కకు మా అరుగు ఇచ్చాం. పక్కింటివాళ్ళు గోనెపట్టాలతో నీడ కట్టారు. మా పెరళ్ళలో కాసిన ములక్కాడలు, దొండకాయలు, అరటిపువ్వులు కూడా ఆమె దగ్గరే పెట్టి ఒకరివి ఒకరం కొనుక్కునేవాళ్ళం. రోడ్డు మీద అమ్మకాలు కుదరవని మునిసిపాలిటీవాళ్ళు ఓసారి వచ్చారు. ఇది రోడ్డు కాదు, మా అరుగు అన్నాను. ఆయ్ అని వెళ్ళిపోయారు. కొన్నేళ్ళపాటు అదే మా బజారు.

తర్వాత ఒక వరదలో గోదావరి అక్క మడులన్నీ ఊడ్చుకుపోయింది. పంట నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్ళు మళ్ళీ ఆ పుస్తకమే అడిగారట. పరిహారం రైతులకేనట. మా చుట్టంగారికి మాత్రం గాలికి నాలుగు మట్టలు విరిగినందుకే వచ్చింది.

నీళ్ళు తీశాక అక్క మమ్మల్ని చూసి పోదామని వచ్చింది. కాఫీ తాగుతూ, “గవర్నమెంటోళ్ళ సంగతేమో గానండి, గోదారి మాత్రం నన్ను రైతు కిందే లెక్కేసిందండి,” అంది.

ఆమె కొత్త మేట చూసుకుని మళ్ళీ విత్తనం చల్లి, కూర కోతకొచ్చేదాకా మా అరుగు ఖాళీగా ఉంది. అన్నాళ్ళూ మా వీధి వీధంతా రైతు బజారుకెళ్ళి, మా చుట్టంగారి దగ్గర క్యాబేజీ కొనుక్కుని తిన్నాం.