డాన్యూబ్ నదిలో మూడు దినాలు

హోసూరులో మాది పంపుసెట్ల అంగడి. డెంకణికోట దిక్కు రైతులు బోరు వేయించినారంటే మోటారుకి మా దగ్గరికే వచ్చేవాళ్ళు. ఎనభైల్లో ఒక ఏడు మా ఆయన మోటార్లు బాగా అమ్మినాడని కంపెనీవాళ్ళు ఫారిన్ టూరు ఇచ్చినారు, భార్యాభర్తలకి ఇద్దరికీ. కృష్ణగిరిలో అంగడి పెట్టుకున్న మా బావగారికి గూడ వచ్చింది. ఆయన భార్య పచ్చి బాలింత, అందుకని ఆ టికెట్టు మీద మా అత్త బయలుదేరింది. డాన్యూబ్ అనే నదిలో పడవ మీద జర్మనీ నుంచి హంగరీ దాకా, నాలుగు దేశాలు!

నాకైతే కాళ్ళు నేల మీద నిలవలేదు. అంతవరకు నేను చూసిన దూరదేశం బెంగళూరు. చింతపండు గొజ్జు, పప్పుల పొడి, అటుకులు, ఎండు రొట్టెలు, అన్నీ నా చేత్తోనే చేసి మూటలు కట్టినాను. తిరుపతికి పోయేటప్పుడు ఆడోళ్ళు వేసుకుంటారే, నెలసరి వెనక్కి జరిపే మాత్రలు, అవి గూడ మరిచిపోలేదు. ఏం లాభం? విమానంలో వాంతులు పట్టుకున్నాయి. కడుపులో నీళ్ళే నిలవలేదు, మాత్ర నిలుస్తుందా?

చీకటి పడినాక పడవ ఎక్కినాము. మరుసటి పొద్దున్నే బయట చేరినాను. మొగోళ్ళిద్దరికీ ఒక రూము, అత్తకీ నాకూ ఒక రూము ఇచ్చి ఉండారు. అత్త ఇంకా పడక మీదే ఉండాది. పదమూడో ఏటి నుంచి అలవాటు, ఏదీ ముట్టకముందే ఆ మాట చెప్పేయాల. "అత్తా, బయటుండాను" అన్నాను. అంతే! ఆమె దిగ్గున లేచి, తిండి మూటలన్నీ చంకన పెట్టుకొని మొగోళ్ళ రూముకి పోయింది. పోతా పోతా వాకిట్లో నిలబడి, "ఈడే ఉండమ్మా. తిండి పంపిస్తాము. నలుగురిలోకి రావద్దు" అనింది.

మా ఆయన ప్లేటు తెచ్చి గడప కాడ పెట్టి పోయేవాడు. "ఏమండీ, ఇది మన ఇల్లు కాదు కదా, పైన ఎవురికి తెలుస్తుంది?" అని అడిగితే, "అమ్మ ఒప్పుకోదు. మూడు దినాలే కదే" అన్నాడు. మూడు దినాలేనంట! ఆ పడవ మీద మేముండేదే నాలుగు దినాలు.

మా రూము అడుగు అంతస్తులో ఉండేది. కిటికీ నీళ్ళకి జానెడు పైన. గట్టు రాళ్ళు, చెట్ల మొదళ్ళు, అంతే కనిపించేది. ఏదన్నా ఊరొచ్చి ఆగితే ఇంకో పడవ వచ్చి పక్కనే అడ్డంగా నిలిచి, ఆ కనిపించేదీ పోయేది. పైన అందరూ నడిచే సద్దు, నవ్వులు. వాటిలో అత్త నవ్వు గుర్తుపట్టి పండ్లు కొరికినాను. వియన్నా వచ్చిందని మా ఆయన తలుపు బయటినుంచే చెప్పి పోయినాడు. కోటలు, చర్చీలు, ద్రాక్షతోటలు, అన్నీ వాళ్ళే చూసినారు. నాలుగో దినం తలకు పోసుకొని నేను పైకి వస్తే, హంగరీలో సామాన్లు దించుతా ఉండారు.

ఊరికొచ్చినాక ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ అత్త కథలు కథలుగా చెప్పేది. "నువ్వేం చూసినావమ్మా?" అని నన్నడిగితే, "అన్నీ చూసినాను" అనేసి కాఫీ కలపడానికి లేచిపోయేదాన్ని.

కొన్నేండ్లకి ఒక మధ్యాన్నం అత్తా, నేనూ అనపకాయలు ఒలుస్తా కూర్చోనుండాము. ఏం పుట్టిందో, నోరు ఊరికే ఉండలేదు. "అత్తా, అంత దూరం పిలుచుకొని పోయి నన్ను ఆ గూట్లో కూర్చోబెడితివే, నీకు మనసెట్లా వచ్చింది?" అని కడిగేసినాను. ఆమె ఒలిచే చెయ్యి ఆపలేదు.

"నువ్వు చెప్తివి, నేను కూర్చోబెడితిని. చెవిన పడినాక ఊరికే ఉండేదానికవుతుందా? మీ మామ నన్ను కాశీకి పిలుచుకొని పోయినప్పుడు నేనూ బయట చేరినాను. ఎవురికి చెప్పినాను? నోరు మూసుకొని గంగలో మునిగినాను, స్వామిని కండ్లారా చూసుకొని వచ్చినాను. నిన్నెవురు చెప్పమన్నారే, పిచ్చిదానా?"

పడవలో ఆ మూడు దినాలూ నాకు కోపమే గానీ ఏడుపు రాలేదు. ఆ మధ్యాన్నం మాత్రం చాట పక్కన పెట్టి, ఆమె ముందరే బోరున ఏడ్చినాను.