మోగని కాలింగ్ బెల్

కాలింగ్ బెల్ మోగితే ఇప్పటికీ ముందు కిటికీలోంచి తొంగి చూస్తాను. కొరియర్ అతనే కావచ్చు, పక్కింటావిడే కావచ్చు. ఏళ్ళు గడిచినా ఈ బరువు దిగలేదు. తర్వాత పెళ్ళి చేసుకున్నాను, ఆయనకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే చెబుతున్నాను.

ఆమె పేరు చెప్పను. ఆమె దేశం పేరూ చెప్పను, చెబితే ఆమె పేరు చెప్పినట్టే. అదొక చిన్న ద్వీపం. అంతర్జాతీయ పోటీల్లో బ్యాడ్మింటన్ ఆడే స్థాయి ఉన్న ఆడపిల్ల అక్కడ ఆమె ఒక్కతే. అమెరికాలో మా డబ్లిన్‌లో ఒక గోడౌన్‌ను కోర్టులుగా మార్చి నడిపే క్లబ్బులో పిల్లలకు కోచింగ్ ఇస్తూ, మిగతా సమయమంతా తన ప్రాక్టీస్ చేసుకునేది. వారాంతాల్లో నేనూ అక్కడికి ఆడటానికి వెళ్ళేదాన్ని. ఆడటమంటే ఏముంది, ఆఫీసులో కూర్చుని పెంచిన ఒళ్ళు కాస్త కదిలించడం. ఆమె గది వెతుక్కుంటోందని తెలిసి మా ఇంట్లో వెనక గది ఇచ్చాను. నాతో ఉంటున్న మా తమ్ముడిని చూసి నన్ను "అక్కా" అనడం నేర్చుకుంది. మా మధ్య మాటలన్నీ ఇంగ్లీషే, ఆ ఒక్క పిలుపు తప్ప.

పెద్ద పోటీల్లో ఆట మధ్యలో విరామం వస్తుంది. కోర్టు వెనక కుర్చీలోంచి కోచ్ లేచి వచ్చి తన ప్లేయర్‌కు నాలుగు మాటలు చెబుతాడు. ఈమెకు కోచ్‌ను ఇచ్చి పంపే స్తోమత ఆ దేశానికి లేదు. ఆ కుర్చీ ఎప్పుడూ ఖాళీ. ఒకసారి ఇక్కడికి దగ్గరలో టోర్నమెంట్ జరిగితే నన్ను బతిమాలి అందులో కూర్చోబెట్టింది. ఏదో ఒకటి మాట్లాడితే చాలట, తను ఒంటరిగా రాలేదని అవతలి అమ్మాయికి తెలియాలట. విరామంలో వెళ్ళి, కంగారుపడకే, నీళ్ళు తాగు, దాన్ని బాగా పరిగెత్తించు అని తెలుగులో దంచేశాను. ఒక్క ముక్క అర్థం కాకపోయినా బుద్ధిగా తల ఊపింది. గెలిచింది. ఆ రోజు నేను పడ్డ సంతోషం నా సొంత ప్రమోషన్‌కు కూడా పడలేదు.

ఆ ఏడాది అలాగే ఆడితే ఒలింపిక్స్‌కు వెళ్ళేది. వాళ్ళ దేశం నుంచి బ్యాడ్మింటన్‌కు అంతదాకా వెళ్ళిన అమ్మాయి ఎవరూ లేరు.

అలాంటి ఆటగాళ్ళకు ఒక నియమం ఉంటుందని ఆమె చెబితేనే నాకు తెలిసింది. రోజూ ఒక గంట ఎక్కడుంటారో ముందే రాసివ్వాలి. నిషేధించిన మందులేమైనా వాడుతున్నారేమోనని పరీక్ష చేసేవాళ్ళు చెప్పకుండా ఆ గంటలో వస్తారు. మనిషి దొరక్కపోతే తప్పిపోయినట్టు లెక్క. ఏడాదిలో మూడుసార్లు తప్పితే నిషేధం. ఆమె రాసిచ్చింది మా ఇల్లు, పొద్దున్న ఆరు నుంచి ఏడు. అప్పటికే రెండు తప్పాయి. ఒకసారి ఫ్లైట్ ఆలస్యం, ఇంకోసారి చివరి నిమిషంలో మారిన హోటల్. ఇవన్నీ నాకు తెలుసు. తెలియదని అబద్ధమాడే అవకాశం కూడా నాకు లేదు.

ఇక మా తమ్ముడి సంగతి. వాడి కంపెనీలో లేఆఫ్స్ అయ్యాయి. వీసా గడువు దాటిపోయింది. కొత్త ఉద్యోగం రేపో మాపో వస్తుందంటూ నా హాల్లో సోఫా మీద ఉండిపోయాడు. మా వాట్సాప్ గ్రూపుల్లో రోజూ అవే హెచ్చరికలు. బ్యాడ్జి పెట్టుకున్న ఇమ్మిగ్రేషన్ వాళ్ళు వస్తే తలుపు తీయొద్దు. వేరే ఎవరి పేరో అడుగుతారు, అదంతా తలుపు తీయించడానికే. బెల్ మోగితే చాలు వాడు బాత్రూములోకి పరిగెత్తేవాడు. చూడలేక బెల్ లోపల మోగకుండా ఆపేశాను. బయట ఎవరైనా నొక్కితే కెమెరా నా ఫోన్‌కు మాత్రం చూపించేది. ఈ మార్పు ఆమెకు చెప్పడం మర్చిపోయాను. మర్చిపోయానా? చెబితే ఎందుకని అడుగుతుంది, తమ్ముడి గుట్టు బయటపడుతుంది. అందుకే చెప్పలేదేమో. ఎన్నిసార్లు తవ్వుకున్నా ఇక్కడ నాకు నేనే దొరకను.

ఆ పొద్దున్న ఆరు దాటగానే నా ఫోన్ వణికింది. కెమెరాలో ఒక మనిషి. మెడలో బ్యాడ్జి, భుజాన నల్ల సంచి. ఆమె పూర్తి పేరు చెప్పి, ఇక్కడే ఉంటారా అని అడిగాడు.

నాకు గ్రూపులో మెసేజే గుర్తొచ్చింది. తలుపు తీయకుండా, ఫోన్‌లోంచే, "లేదు. ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరు" అన్నాను.

అతను వెళ్ళలేదు. మెల్లగా తలుపు తట్టాడు. ఇంటి ముందు కారులో కూర్చున్నాడు. మళ్ళీ వచ్చాడు. వెనక గదిలో ఆమె నిద్రపోతోంది. ఫ్యాన్ హోరు లేకపోతే నిద్రపట్టని మనిషి, ఏమీ వినపడదు. బెల్ ఎలాగూ లేపుతుందనే నమ్మకంతో నిద్రకు అడ్డమని ఫోన్‌ను రోజూ కిచెన్‌లో ఛార్జింగ్ పెట్టేది. ఏడు కావస్తుండగా ఆ ఫోన్ వెలిగింది. చప్పుడు లేదు, వెలుగొక్కటే. తెలియని నంబరు. కిటికీలోంచి చూస్తే బయట అతను ఫోన్ చెవిన పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

అప్పుడు అర్థమైంది, అతను మందుల పరీక్షకు వచ్చినవాడని. పూర్తిగా అర్థమైంది. ఇంకా సమయం ఉంది. పరిగెత్తి ఆమెను లేపవచ్చు. లేపితే అతను లోపలికి వస్తాడు, సోఫా మీద తమ్ముడిని చూస్తాడు, నేను అబద్ధమాడానని తెలుస్తుంది. మూత్రం సీసా పట్టుకుపోయే మనిషికి మా తమ్ముడి వీసాతో ఏం పని? ఆ ప్రశ్న నాకు తట్టలేదా? తట్టింది. అయినా ఆ ఫోన్‌ను బోర్లా తిప్పాను. చేతులారా తిప్పాను.

"ఎవరక్కా?" అని గుసగుసగా అడిగాడు తమ్ముడు, దుప్పటిలోంచి.

"ఎవరూ లేరు, పడుకో" అన్నాను.

కాసేపటికి ఆమె లేచి వచ్చి, ఫోన్ చూసుకుని, నా వైపు తిరిగింది.

"అక్కా, పొద్దున్న ఎవరైనా వచ్చారా?"

"లేదే. నేను లేచే ఉన్నాను. ఎవరూ రాలేదు."

"బెల్ మోగలేదా?"

"మోగలేదు."

ఈ చివరి మాట ఒక్కటే నిజం. దాన్ని పట్టుకుని ఎన్నాళ్ళు వేలాడానో మీరు నమ్మరు.

తర్వాత విచారణ. బెల్ కెమెరా వీడియో ఉంటే పంపమని ఆమెను అడిగారు. అందులో నా గొంతు ఉంది. అతని రిపోర్టులో ఎవరూ తలుపు తీయలేదని మాత్రమే ఉందట. తలుపు దగ్గర ఎవరో లేదన్నారని తెలిస్తే ఆమె తప్పు లేదని వాళ్ళు ఒప్పుకునేవారేమో. చెరిపేశాను. ఆ రోజు కెమెరా పనిచేయలేదని చెప్పాను. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, ఊళ్ళోవాళ్ళ తప్పులు పట్టుకుని జీతం తీసుకునేదాన్ని. నా తప్పు మాత్రం ఎవరికీ దొరకకుండా శుభ్రంగా తుడిచేశాను.

రెండేళ్ళ నిషేధం వేశారు. వాళ్ళ దేశంలో పేపర్లు ఆమె మందులు మింగినట్టే రాశాయి. వెళ్ళేరోజు ఎయిర్‌పోర్టులో నన్ను కావలించుకుని, నువ్వు నాకు చాలా చేశావక్కా అంది. నేను ఏడ్చాను. నా ఏడుపు చూసి తనే ఓదార్చింది. అంత సిగ్గులేకుండా ఓదార్పు కూడా తీసుకున్నాను. నిషేధం ముగిసేసరికి ఆమె మోకాళ్ళు మొరాయించాయి. మళ్ళీ ఆడలేదు.

మా తమ్ముడికి వీసాకు దారి దొరికింది. ఇప్పుడు వేరే రాష్ట్రంలో, బెంటన్‌విల్‌లో ఉన్నాడు, ఇల్లు కొన్నాడు. వాడి గృహప్రవేశంలో విస్తరి వదిలేసి లేచాను.

మొన్న ఆమె దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. తను తయారుచేసిన ఒక అమ్మాయిని తీసుకుని వచ్చే నెల ఇక్కడి టోర్నమెంట్‌కు వస్తోందట. ఈసారి ఆ కుర్చీలో తనే కూర్చుంటుందట. వెనక గది ఖాళీయేనా అక్కా అని అడిగింది. కింద ఇంకో వాక్యం: "ఇప్పుడు బెల్ మోగుతోందా?"

బెల్ నేనే ఆపానని ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదు. మామూలుగా అడిగిందా? తెలిసి అడిగిందా? ఎన్నాళ్ళ నుంచి తెలుసు? ఎయిర్‌పోర్టులో కావలించుకున్నప్పుడే తెలుసా? అప్పట్నుంచి నాకు నిద్ర లేదు.

గది ఖాళీయే, రమ్మన్నాను. రెండో ప్రశ్నకు జవాబు రాయలేదు. ఆమె గుమ్మంలో నిలబడి మళ్ళీ అడిగితే నోరు పెగులుతుందో లేదో తెలియదు. అందుకే ముందు మీ దగ్గర చెబుతున్నాను, ఒక్కసారైనా ఈ మాట నా లోపలి నుంచి బయటికి రావాలని.

ఆ పొద్దున్న ఆమె ఉంది. లోపలే ఉంది. లేదన్నది నేను.