కూర్చున్న మనిషి ఎత్తులో

దయ్యాల మాటెత్తితే లేచి వెళ్లిపోయే రకం నేను. మా నాన్న చర్చిలో పనిచేసేవారు. ఇంట్లో ప్రార్థన ఉండేది గాని దయ్యాల కథలు ఉండేవి కావు. పైగా నేను చదివింది ఫిజిక్స్. ఇప్పుడిది చెబుతున్నందుకు నామీద నాకే విసుగ్గా ఉంది.

పందొమ్మిది వందల అరవైల చివర గుంటూరు వైపు నుంచి వచ్చి యూనివర్సిటీలో రీసెర్చ్‌లో చేరాను. తార్నాకలో ఒక గది తీసుకుని నేనూ మల్లేశం ఉండేవాళ్లం. అతనిది నల్లగొండ దగ్గర సేద్యం చేసుకునే కుటుంబం.

మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఒకాయన దగ్గర పాత కెమెరా కొన్నాను. పొట్ట దగ్గర పట్టుకుని పైనుంచి తొంగిచూసే రకం కాదు, కన్నుకు ఆనించి చూసేది. ఈ తేడా ముఖ్యం, నిలబడి తీస్తే ఫోటో నా కంటి ఎత్తులోనే రావాలి.

ఫోటో విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. సాయంత్రం పూట క్యాంపస్‌లో రాతి మెట్లు, వాటి ముందు పరిచిన బండలు, ఇళ్లకు వెళ్లే విద్యార్థులు. నేల విశాలంగా కనిపించాలి, మనుషులు చిన్నగా ఉండాలి, చూడగానే మనసు తేలికపడాలి. నేను ఆరడుగుల మనిషిని. నిలబడి, ఊపిరి బిగబట్టి, సరిగ్గా అలాగే తీశాను.

ప్రింట్లు వచ్చాయి. ఒక్కటీ నేను చూసింది కాదు.

చోటు అదే, మనుషులు వాళ్లే, వెలుగూ అదే. కాని ఎవరో మెట్టు మీద కూర్చుని చూసినట్టు, చూపు కిందనుంచి ఉంది. నేల సన్నటి గీతలా మిగిలింది. విద్యార్థులు ఆకాశానికి అడ్డంగా లేచి, మనల్ని వదిలేసి వెళ్లిపోతున్నట్టున్నారు.

స్టూడియో ఆయనతో గొడవపడ్డాను. "మీరు తీసిందే నేను కడిగిన సార్. అండ్ల నేనేం కలుపుత?" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు.

రెండో రోల్‌కి మల్లేశాన్ని సాక్షిగా పక్కన నిలబెట్టుకున్నాను. "నిలబడే తీస్తున్నవ్, నేను చూస్తనే ఉన్న," అన్నాడు. ప్రింట్లు మళ్లీ కూర్చున్న ఎత్తులోనే వచ్చాయి. మెట్టుగూడ వెళ్లి అమ్మినాయన ఆల్బమ్ చూశాను. అదే కెమెరాతో ఆయన తీసినవి, అన్నీ నిలబడిన ఎత్తులోనే ఉన్నాయి. క్లాస్‌మేట్ కెమెరా అడిగి తెచ్చి తీశాను. అందులోనూ అంతే. అంటే తేడా కెమెరాలో లేదు.

ఇంతకంటే చికాకు ఇంకోటి వచ్చిపడింది. డిపార్ట్‌మెంట్‌లో విద్యార్థులు తీసిన ఫోటోలు ప్రదర్శనకు పెడుతుంటే మల్లేశం నాకు చెప్పకుండా నాదొకటి ఇచ్చాడు. మా ప్రొఫెసర్ దాని ముందు చాలాసేపు నిలబడ్డారు. "వెళ్లిపోయేవాళ్లను చూస్తూ మిగిలిపోయినవాడి దిగులు పట్టుకున్నావయ్యా. ఆ కంపోజిషన్ నేర్పితే వచ్చేది కాదు," అన్నారు.

నాకే దిగులూ లేదు. ఆ కంపోజిషన్ నాది కాదు. నిజం చెబితే పిచ్చివాడంటారు. చెప్పకపోతే ఇంకొకరికి రావాల్సిన పొగడ్త నేను కొట్టేస్తున్నట్టుంది.

"అందరు మెచ్చుకుంటుంటే నీకేం నొప్పి భాయ్?" అన్నాడు మల్లేశం. నొప్పే మరి. నేను కోరిన ఫోటో ఒక్కటంటే ఒక్కటి నాకు రాలేదు.

చివరికి పంతం పట్టాను. ఓ సెలవురోజు ఎండలో, మెట్లకు వీపు తిప్పి నిలబడి, ఎదురుగా ఉన్న ఖాళీ దారిని తీశాను. పక్కన మల్లేశం. ఇంకెవరూ లేరు.

ఆ ప్రింట్‌లో ఎడమవైపు నా వీపు ఉంది. చెమటకు తడిసిన చొక్కా, పైకెత్తిన మోచెయ్యి, కన్నుకు ఆనించిన కెమెరా. నా చేతిలో ఉన్న కెమెరా ఫిలిం మీద నేనే, వెనకనుంచి, కిందనుంచి. పక్కన మల్లేశం వెనక్కి తిరిగి నేరుగా ఫోటోలోంచి చూస్తున్నాడు.

"ఎందుకు తిరిగావు?" అని అడిగాను.

అతను ప్రింట్‌ని బోర్లా పెట్టాడు. "వెనక ఎవరో దగ్గినట్టయింది. ఎవలన్న ముసలాయన కూసున్నడేమో, అడ్డమున్నమేమో అనుకున్న. చూస్తే మెట్లు ఖాళీగున్నయ్. చెప్తే మళ్ల లొల్లి చేస్తవని చెప్పలే."

నెగెటివ్‌ని దీపం ముందు పట్టుకుని ఎన్నిసార్లు చూశానో. ఫిలిం ఎక్కడా తెగలేదు, అతకలేదు. దానికి ముందు ఫోటో, తర్వాత ఫోటో ఆ రోజువే. నాకు తెలిసిన ఫిజిక్స్ అంతా పెట్టి చూసినా లెక్క కుదరలేదు.

ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గరుంది. నేను తీసినవాటిలో అదే బాగుందని చూసినవాళ్లంతా అంటారు. ఆ తర్వాత తప్పకుండా ఒక మాట అడుగుతారు, నువ్విందులో ఉన్నావు కదా, మరి తీసిందెవరు అని.