డొల్ల గుర్తు

బావ భూమిని కంపెనీవాళ్లు చాలా మర్యాదగా లాక్కున్నారు. కుర్చీ వేశారు, సోడా ఇచ్చారు, పక్కన నిలబడి ఫొటో కూడా దిగారు. గుట్టవాలున ఉన్న ఆ అడవి ముక్క తాతల నాటి నుంచీ వాళ్లింటిదేనని వీధి వీధంతా ఎరుగును, కాగితమే ఎరగదు. ఒప్పుకుని వేలిముద్ర వేశావు కదా అన్నారు తర్వాత. వేసినమాట నిజమే. సోడాకు రసీదనుకున్నాడు.

పనికొచ్చే చెట్లు కొట్టుకుని, పనికిరానివి తగలబెట్టి, వరసలు వరసలుగా పామాయిల్ మొక్కలు నాటారు. నాటడానికి వీధిలో అందరినీ పిలిచారు, నాటాక అందరినీ పొమ్మన్నారు. కాపలాకు మాత్రం గుట్ట మూలమూలా తెలిసినవాడు కావాల్సి వచ్చింది. అలాంటివాడు బావ ఒక్కడే. అతనికి ఖాకీ చొక్కా, ఈల ఇచ్చారు. తోటలో ఎవరైనా పుల్లలు ఏరుతుంటే కొడవలి లాక్కోవడం అతని పని.

మొదట్లో బావకు దొరికిన దొంగల్లో ఎక్కువసార్లు దొరికింది అతని పెళ్లామే. అంతకుముందు కట్టెలు కొనడమంటే ఏమిటో ఎరగని మనిషి. డ్యూటీలో ఆవిడ కొడవలి లాక్కునేవాడు. సాయంత్రం దాన్నే తెచ్చి ఇంట్లో గూట్లో పెట్టేవాడు. పొద్దున్నే ఆవిడ దాన్నే తీసుకుని బయల్దేరేది. దీని గురించి ఇద్దరూ ఇంట్లో మాట్లాడుకునేవాళ్లు కాదు. ఆఫీసు గొడవలు ఇంటికి తేకూడదని బావ నియమం.

ఇదంతా చూసి ఉడికిపోయేవాడు ఆవిడ తమ్ముడు, అంటే బావకు బామ్మర్ది. దుంగల లారీ నడిపేవాడు. అడవి నాశనమైపోతోందని మండిపడేవాడు. మండిపడుతూనే ఆ అడవిని రోజూ లారీకెత్తి దింపేవాడు. మండిపడినందుకు విడిగా జీతం ఇవ్వరు మరి.

తోట కింది అంచున, ఊట చుట్టూ, కాస్త పాత అడవి మిగిలింది. వీధి కుళాయికి నీళ్లు ఆ ఊట నుంచే గొట్టంలో దిగేవి. తోట వేశాక వానొస్తే వీధిలోకి బురద, ఎండొస్తే కుళాయిలో గాలి. అయినా సన్నగా ఇంకా ధార వస్తోందంటే ఆ నాలుగు చెట్ల చలవే. ఇంతలో చెట్లు కొట్టించే మేస్త్రీ వాటి మీదికీ వస్తున్నాడని తెలిసింది.

"ఆ చెట్లు పోతే నీళ్లు కూడా పోతాయి బావా."

"పోతే నువ్వు మోసుకురారా. పైకి ఖాళీ లారీయేగా తోలేది."

"నీకు నవ్వులాటగా ఉందా? ఈల ఊదుకుంటూ తిరగడం తప్ప ఇంకేం చాతకాదా?"

"చాతనైనవాడివి నువ్వే చెప్పు, వింటాను."

బామ్మర్ది చెప్పాడు. చెట్లు కొట్టేవాళ్లకొక పద్ధతి ఉంది. కొట్టే ముందు గొడ్డలి తిరగేసి కాండం మీద ఒక్కటిస్తారు. లోపల డొల్లయితే మోగుతుంది. డొల్ల దుంగను కంపెనీ తీసుకోదు, కొట్టిన కూలి మేస్త్రీ నెత్తిన పడుతుంది. అందుకని అలా మోగిన చెట్టు మొదట్లో ఇంటూ గుర్తు చెక్కి వదిలేస్తారు. తర్వాత వచ్చినవాడు దాన్ని మళ్లీ మోగించి చూడడు. ముందటివాడి చెవిని అనుమానించడం వాళ్లలో తిట్టుతో సమానం.

బావ అన్నాల వేళల్లో వెళ్లి చెట్టుచెట్టుకూ ఇంటూ చెక్కాడు. పాతగా కనపడాలని బురద పులిమాడు. మేస్త్రీ వచ్చి, చూసి, నాలుక చప్పరించి వెళ్లిపోయాడు. ఆ పూట బావ ఇంట్లో చాన్నాళ్లకు అందరూ కడుపారా నవ్వారు.

మేస్త్రీ మాత్రం వెళ్లి ఊరుకోలేదు. ఊట దగ్గరివన్నీ డొల్లవే, ఒక్క దుంగ కూడా రాదని మేనేజరుకు చెప్పాడు. మేనేజరు బావను పిలిపించాడు. మనిషి చాలా ఉత్సాహంగా ఉన్నాడు.

"రూలు ప్రకారం మంచి అడవైతే ఏరి కొట్టుకుని మిగతాది వదిలెయ్యాలి. పాడైన అడవైతే మొత్తం చదును చేసి తోట వేసుకోవచ్చు. ఇన్నాళ్లూ ఒక్కరూ చెప్పలేదేమయ్యా!"

నిజం చెబితే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే ఊట పోతుంది. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాడు బావ.

"అవన్నీ గట్టి చెట్లేనండీ. గుర్తులు నేనే చెక్కాను."

మేనేజరు ముచ్చటపడ్డాడు. "చెట్లంటే ఎంత ప్రాణమయ్యా నీకు! వాటి కోసం నీ మీదే నేరం వేసుకుంటున్నావే!" అని భుజం తట్టి, బుల్‌డోజరుకు ఫోన్ చేశాడు.

కూల్చాక చూస్తే ఒక్కటీ డొల్ల లేదు. మేస్త్రీ చెవికి మచ్చ రాకూడదని వాటిని అక్కడే తగలబెట్టేశారు.

వేసవి రాకముందే కుళాయి ఆగిపోయింది. కంపెనీవాళ్లు దయతలచి ట్యాంకరు పంపారు. దాని మీద వాళ్ల పేరు నీలిరంగుతో పెద్దగా రాయించారు. దాన్ని నడపమని బామ్మర్దినే వేశారు. బిందెల దగ్గర తన్నుకునే ఆడవాళ్లంతా ట్యాంకరు ఆలస్యమైతే అతన్నే తిట్టేవాళ్లు. సొంత అక్క మరికాస్త ఎక్కువ తిట్టేది. కొన్నాళ్లు చూసి, తాళాలు ఆఫీసులో పారేసి, వేరే ఊళ్లో పని చూసుకున్నాడు.

వెళ్లే రోజున బావ దగ్గరికి వచ్చాడు. తోట గేటు దగ్గర ఇద్దరూ కూర్చున్నారు.

"గుట్ట నెత్తిన ఇంకో ఊటుందిగా బావా. గొట్టం లాగితే వీధికి సరిపోతుంది. దాని మీదికి ఎప్పుడొస్తారో?"

"మొన్న అడిగాడు మేనేజరు, పైన ఏముందోయ్ అని."

"గట్టివన్నావా, డొల్లవన్నావా?"

"గట్టివంటే మేస్త్రీ వస్తాడు. డొల్లవంటే బుల్‌డోజరొస్తుంది. అక్కడ అడవే లేదన్నాను. మీ ముందున్న మేనేజరుగారు శిఖరం దాకా తోటే వేయించాడండీ అన్నాను. ఆఫీసు మెట్లెక్కితేనే ఆయాసపడే మనిషి, గుట్టెక్కుతాడా?"

"ఎక్కక్కర్లేదు బావా. ఇప్పుడు ఆకాశంలోంచి ఫొటోలు తీస్తున్నారు. దొరికిపోతావు."

బావ గుట్టకేసి చూశాడు.

"తీసుకోనీరా. పైనుంచి చూస్తే తోటా అడవీ రెండూ పచ్చగానే ఉంటాయి."