గుడ్డలో జల్లించిన కరక్కాయ పొడి

మేము కర్నూలు జిల్లా కింద, మద్రాసు ప్రభుత్వంలో ఉన్న రోజులవి. గిద్దలూరు దగ్గర మా ఊళ్ళో ఎవరికి ఒళ్ళు కాలినా మా అవ్వ దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆమె మందులో ఉండేవి మూడే: కాచి చల్లార్చిన నీళ్ళు, నువ్వుల నూనె, నల్లమల కరక్కాయ పొడి. నీళ్ళలో పొడి కలిపి, నూనె బొట్టుబొట్టుగా పోస్తూ చిన్న కవ్వంతో చిలికితే చిక్కటి మజ్జిగలా అయ్యేది. రెండు రోజులైనా నూనె పైకి తేలేది కాదు. ఆ కవ్వం చప్పుడు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

ఒకరోజు పొద్దున సంగటికి పెట్టిన ఎసరు ఒలికి మా అమ్మ కుడిచెయ్యి మోచేతి దాకా బొబ్బలెక్కింది. బర్రెను అమ్మే విషయంలో మాట పట్టింపొచ్చి, అప్పటికి ఏడాదిగా అత్తాకోడళ్ళకు మాటల్లేవు. ఇద్దరి మీదా నాకు ఒళ్ళు మండేది. ఈ పంతంలో అవ్వ మందు చెయ్యనంటుందేమో, చేసినా అమ్మ వద్దంటుందేమో, ఆ చెయ్యి ఏమైపోతుందోనని భయం వేసింది.

అవ్వ వెంటనే కరక్కాయలు నూరి నా ముందు పెట్టింది. పాత పంచె గుడ్డలో మూడుసార్లు జల్లించాలి. అవ్వకు చూపు ఆనదు, ఏం తెలుస్తుందిలే అనుకుని పిండి జల్లెడలో ఒక్కసారి ఆడించి ఇచ్చేశాను. అవ్వ ఎంత చిలికినా పొడి అడుక్కి దిగింది, నూనె పైకి తేలింది. మెత్తటి పొడి అయితేనే నూనె బొట్ల చుట్టూ అంటుకుని వాటిని ఒకదానితో ఒకటి కలవనివ్వదని చాలా ఏళ్ళకు చదువుకున్నాను.

అవ్వ వేళ్ళ మధ్య రుద్ది చూసింది.

"ఏందే ఇది? మీ అమ్మ చెయ్యి అనుకుంటివా, అలికే గోడ అనుకుంటివా? ఇట్ల గరుకుది పూస్తే తోలు ఊడొస్తాది!"

మొత్తం పారబోసింది. ఇంట్లో ఉన్న నూనె అంతే. ఎవరినీ ఏదీ అడగని మనిషి, పక్కింటికి పోయి నూనె అడిగి తెచ్చింది. దగ్గుకుంటూ తనే మూడుసార్లు జల్లించి చిలికింది. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

అమ్మ చెయ్యి చాపింది. అవ్వ ఊదుకుంటూ, కోడి ఈకతో మోచేతి దాకా పూసింది.

"మంట తగ్గినాది అత్తా," అంది అమ్మ.

అవ్వ చేతిలో ఈక ఆగిపోయింది.

"ఇంకోసారి చెప్పు," అంది.