కార్జం ముక్క

ఎనభై ఏడులో వచ్చిన టైఫాయిడ్ పోతూ పోతూ రాజమణి జుట్టును వెంట తీసుకుపోయింది. అంతకు ముందు సోలాపూర్ భవానీ పేటలో ఆమె జడ చూసి కుళ్ళుకోని ఆడది లేదు. ఇప్పుడు దువ్వెన పెడితే చాలు, గుప్పెడు వెంట్రుకలు ఊడి చేతికొస్తున్నాయి. బీడీలు చుడుతూ కూర్చుంటే చేటలోని తంబాకు నిండా వెంట్రుకలే. ముప్పై నిండని మనిషి, అద్దం ముందుకు పోవాలంటే వణికిపోయేది. గుండు తేలితే పెనిమిటి సిద్ధరాములు తన మొహం చూస్తాడా అన్నదే ఆమె దిగులు.

పేటలోని డాక్టరు కనురెప్ప కిందికి లాగి చూశాడు. ఒంట్లో రక్తం లేదు, అందుకే రాలుతోంది, మేక కార్జం తిను అన్నాడు. చెప్పడానికేం, చెప్పాడు. ఆ ఇంట్లో కార్జం మరమగ్గాల సాంచల మీద నిలబడి నేసే మగవాడిది. దూది పొట్టు మింగే గుండెకు అదే బలమని ఏ మహానుభావుడు చెప్పాడో గానీ, ఆడవాళ్ళకు మిగిలేది పులుసూ బొక్కలూ. పెళ్ళయిన నాటి నుంచి వండి వడ్డించడమే తప్ప దాని రుచి ఎలా ఉంటుందో రాజమణికి తెలియదు. నోరు తెరిచి అడుగుదామంటే అత్త అంజమ్మ చూపుకే పొయ్యి వైపు తిరిగిపోయేది.

చూస్తూండగానే ఆషాఢ అమావాస్య వచ్చింది. రేపటి నుంచి శ్రావణం. నెల పొడుగునా ఇంట్లో నీచు మాటే ఉండదు. అప్పటికి తల మీద ఏం మిగులుతుంది?

పొయ్యి మీద కార్జం ఉడుకుతోంది. ఒక్క ముక్క తిందామనుకుంది. చేయి ఆగలేదు. నోరు కాలుతున్నా, కళ్ళు కారుతున్నా, గిన్నెలోంచే తీసుకుని నమలీ నమలక మింగింది. మొత్తం అయిపోయాక గానీ ఆమెకు ఒళ్ళు తెలియలేదు.

సిద్ధరాములు కంచం ముందు కూర్చున్నాడు. "కార్జం ఏదే?"

"నేనే తిన్న. మొత్తం తిన్న. ఏం జేస్తవో జెయ్యి." రాజమణి తల మీది కొంగు లాగేసింది. "సూడు. సరిగ్గ సూడు."

అక్కడక్కడా బోడిగా తేలిన ఆ తలను చూసి అతను కంచంలోంచి చేయి తీసేశాడు.

అంజమ్మ లేచి వచ్చి గిన్నెలోకి తొంగి చూసింది. ఇక తిట్లు తప్పవని రాజమణి గోడకు ఒదిగింది. ముసలామె వేలితో గిన్నె అడుగు గీకి నోట్లో పెట్టుకుంది.

"నాకొక్క ముక్కన్న ఉంచకపోతివా పిల్లా," అంది. "నేను సుత ఎన్నడు తిన్లే."